రూటర్‌తో మాట్లాడే తలుపు

పిల్లలూ,

రూటర్‌కి అన్ని పోర్టులుండగా ‘మేనేజ్‌మెంట్’ అని రాసిన ఆ ఒక్కటి విడిగా ఎందుకని అడిగారు. మంచి ప్రశ్న. నాకది ఆలస్యంగా అర్థమైంది.

రూటర్‌లో రెండు పనులు నడుస్తుంటాయి. వచ్చిన ప్యాకెట్‌ని, అంటే డేటా చిన్న మూటని, అందాల్సిన చోటికి తోసేయడం ఒకటి. పెద్ద రూటర్లలో దానికి వేరే చిప్‌లుంటాయి. ఏ దారిన పంపాలో తేల్చడం, మన ఆదేశాలు వినడం రెండోది; అది ప్రాసెసర్ పని. మేనేజ్‌మెంట్ పోర్టు ఆ ప్రాసెసర్‌తో మాట్లాడటానికే. మామూలు ట్రాఫిక్ దాని గుండా పోకూడదు. జూనిపర్ కంపెనీ రూటర్లు చాలావాటిలో దాని పేరు ఎఫ్ఎక్స్‌పీ0, అరిస్టా కంపెనీ స్విచ్‌లలో మేనేజ్‌మెంట్1.

ఒకసారి దూరంలో ఉన్న రూటర్‌లోకి ట్రాఫిక్ నడిచే పోర్టు నుంచే లాగిన్ అయ్యి, అదే పోర్టు మీద ఫిల్టర్ (ఏ ప్యాకెట్లను రానివ్వాలో చెప్పే నియమాలు) మార్చాను. ఎంటర్ కొట్టగానే నా దారి నేనే మూసుకున్నాను, స్క్రీన్ ఆగిపోయింది. కన్సోల్ కేబుల్‌తో (నెట్‌వర్క్ లేకుండా రూటర్‌కి నేరుగా తగిలించేది) ఒక మనిషి అక్కడికి చేరేదాకా నాకు ఒకటే టెన్షన్. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ గంటల తరబడి ఆగిపోయినప్పుడు, విడిగా పెట్టుకున్న మేనేజ్‌మెంట్ దారి కూడా పనిచేయక ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది.

అందుకే పోర్టు వేరైతే చాలదు, రూటింగ్ టేబుల్ (దారుల పట్టిక) కూడా వేరుగా ఉండాలి. దానికే మేనేజ్‌మెంట్ వీఆర్ఎఫ్, అంటే ఒకే రూటర్‌లో విడిగా నడిచే మరో దారుల పట్టిక, పెడతాం. దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్నెట్, పాస్‌వర్డ్‌ని కూడా దాచకుండా పంపేస్తుంది, దాన్ని ఆపేయండి. దాని బదులు వాడే, అన్నీ దాచి పంపే ఎస్ఎస్‌హెచ్‌ని కొన్ని అడ్రస్‌ల నుంచి మాత్రమే రానివ్వండి.

లోపలి ఇంటర్‌ఫేస్‌లు (పోర్టుల్లాంటి ద్వారాలు) వేరే సంగతి. జూనిపర్‌లో ఎఫ్ఎక్స్‌పీ1, ఈఎం1 లాంటి పేర్లు కనిపిస్తాయి. ఆలోచించే భాగాన్నీ, ప్యాకెట్లు తోసే భాగాన్నీ లోపల కలిపే తీగలవి. వాటిని రూటర్ తనే సిద్ధం చేసుకుంటుంది. ఖాళీగా ఉన్నాయి కదా అని వాటి మీద చెయ్యి పెట్టకండి.

లూప్‌బ్యాక్, అంటే రూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే ఇంటర్‌ఫేస్, మాత్రం పూర్తిగా మన చేతిలోదే, నాకు బాగా ఇష్టమైనది కూడా. దానికి కేబుల్ ఉండదు కాబట్టి కేబుల్ ఊడి అది డౌన్ అయ్యే ప్రశ్నే లేదు. ఒక లింక్ పోయినా, ఇంకో దారి ఉన్నంతకాలం దాని అడ్రస్ అందుతూనే ఉంటుంది. జూనిపర్‌లో ఎల్ఓ0 (లూప్‌బ్యాక్ పేరు) మీద పెట్టిన ఫిల్టర్, ఏ పోర్టు నుంచి వచ్చినా సరే, ప్రాసెసర్‌ని ఉద్దేశించిన ప్యాకెట్లన్నింటినీ తనిఖీ చేస్తుంది. ఆ ఫిల్టర్‌ని మార్చేటప్పుడు ‘కమిట్ కన్‌ఫర్మ్‌డ్’ అనే ఆదేశం వాడండి. పది నిమిషాల్లో మీరు మళ్లీ ఖాయం చేయకపోతే రూటర్ పాత కాన్ఫిగరేషన్‌కి తనే వెళ్లిపోతుంది. ఆ రోజు నేను వాడి ఉంటే ఆ మనిషికి ప్రయాణం తప్పేది.

ఈ వారం ల్యాబ్‌లో కన్సోల్ కేబుల్ తగిలించి చూడండి. సాధారణంగా స్పీడ్ సెకనుకు 9600 బిట్లు ఉంటుంది. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే ముందు ఆ అంకె సరిచూసుకోండి. లాగిన్ అయ్యాక ఇంటర్‌ఫేస్‌ల జాబితా తీసి, ఏది ఏ రకమో మీకు తోచినట్టు రాసి నాకు పంపండి.

మీ తాతయ్య