ఒకే గదిలో రెండు తరగతులు

కోనసీమ నుంచి,
జూన్ మొదటి వారం.

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని చీపురుకు ఈనెలు తీస్తుండగా, చెరువు గట్టున ఇంట్లో ఈ వేసవిలో దిగిన కుటుంబంలోని పాప తల్లి వేలు పట్టుకుని వచ్చింది. ఆ ఉదయమే వాళ్ళు మన ఊరి ప్రాథమిక పాఠశాల చూసి వచ్చారట. "తాతయ్యగారూ, అక్కడ ఒక గది గుమ్మం మీద మూడు, నాలుగు తరగతులు అని రాసి ఉందండీ. రెండు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటే ఎవరి పాఠం ఎవరు వింటారు?" అని అడిగింది. ముందు మంచినీళ్ళు తాగమ్మా అని అప్పటికి తప్పించుకున్నాను. తల్లి ఏమీ అనలేదు గాని, ఆవిడ కూడా ఆ జవాబు కోసమే వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. 12వ తేదీన బడి తెరుస్తారు కనుక, ఆ పాపకూ, ఈ ఏడు కొత్తగా చేరబోయే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు చదివాక ఇంట్లో పెద్దవాళ్ళ చేత కూడా చదివించండి.

ఏ పెరట్లోనైనా సరే, ఒక కొబ్బరిచెట్టు కింద నిలబడి తల పైకెత్తి చూడండి. మామిడికి ఏడాదికొక పూత, ఒక కాపు. కాయలన్నీ ఒక్క ఈడువి. కొబ్బరి అలా కాదు. బాగా ఎదిగిన చెట్టు సుమారు నెలకొక మట్ట వేస్తుంది, ఆ మట్ట మొదట్లో నుంచి ఒక గెల పుడుతుంది, ఆ గెలలోని కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందువల్ల ఏ రోజు చూసినా పైన అప్పుడే విచ్చిన పూత, దాని కింద గోలీకాయలంత పిందెలు, ఆ కింద నీళ్ళు నిండిన లేత బొండాలు, అన్నిటికీ అడుగున దింపుకు సిద్ధమైన ముదురు కాయలు, ఒకే చెట్టు మీద ఒకేసారి కనిపిస్తాయి. వేళ్ళు తెచ్చే నీరు ఒకటే అయినా పిందె తనకు కావలసింది పిందె తీసుకుంటుంది, కాయ తనకు కావలసింది కాయ తీసుకుంటుంది. మన బడిలో ఆ గది కూడా అటువంటి చెట్టే. టీచరుగారు నాలుగో తరగతికి బోర్డు మీద లెక్కలు ఇచ్చి, మూడో తరగతి వాళ్ళ మధ్య కూర్చుని వాచకం చదివిస్తారు. అరగంట పోయాక వాళ్ళకు రాతపని ఇచ్చి ఇటు తిరుగుతారు. ఎవరి గెల వారిదే గాని, మొవ్వు ఒక్కటే.

నేను ఒకటో తరగతిలో చేరేనాటికి మన బడి తాటాకు పాక, ఐదు తరగతులకూ మాస్టారు ఒక్కరే. మేము పలక మీద అక్షరాలు దిద్దుతుంటే వెనుక వరుసలో నాలుగో తరగతి వాళ్ళు పదమూడో ఎక్కం గొంతెత్తి చదివేవారు. నా చేయి దిద్దుతూ ఉండేది, చెవి మాత్రం వెనక్కే. ఒకనాడు మా నాన్నగారు దింపు లెక్క చూసుకుంటూ, "చెట్టుకు పదమూడు చొప్పున ఏడు చెట్లు" అని పైకి అనుకోగానే, గడప మీద కూర్చున్న నేను "తొంభై ఒకటి" అన్నాను. ఆయన పెన్సిలు పక్కన పెట్టి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నిజానికి గుణకారం అంటే ఏమిటో నాకు తెలియదు. పాట వచ్చు, అంతే.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా చెప్పాలి. నాలుగో తరగతికి వచ్చినా నాకు న ఎక్కడ రాయాలో, ణ ఎక్కడ రాయాలో తెలిసేది కాదు, అంత పెద్దవాణ్ణయ్యాక అడగడానికి సిగ్గు. ఒకరోజు మాస్టారు చిన్నపిల్లలకు ఆ రెండూ పలికి చూపిస్తుంటే, నా లెక్క నేను చేసుకుంటున్నట్టు నటిస్తూ, నాలుకను అంగిటికి ఆనించి నోట్లోనే పలుక్కుని నేర్చుకున్నాను. పక్కవాళ్ళ పాఠం వినడం దొంగతనం కాదు నాయనా, ఎంత కావాలంటే అంత వినండి.

అయితే ఇదంతా లాభమేనని చెబితే మీ అమ్మానాన్నలు నవ్వుతారు. టీచరు సగం సమయమే మీకు దొరుకుతుంది. ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరు సెలవు పెట్టిన రోజున ఐదు తరగతులూ రెండోవారి మీద పడతాయి, ఆ రోజు గోల వీధి దాకా వినిపిస్తుంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం, అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది, ఐదో తరగతి వరకు ఉన్న బడిలో పిల్లలు 60 మంది వరకు ఉంటే ఇద్దరు ఉపాధ్యాయులనీ, 61 నుంచి 90 వరకు ఉంటే ముగ్గురనీ లెక్క పెట్టింది. మన బడి అరవైకి లోపే ఉంది. కనుక మీలో ఒక్కొక్కరు చేరడం మీ ఒక్కరి సంగతి కాదు, గది గుమ్మం మీద రాతకు సంబంధించిన సంగతి కూడా.

ఇక్కడికి వచ్చేసరికి నా కొబ్బరిచెట్టు పోలిక చెడిపోతోంది. పిందెల్లో చాలా భాగం కాయ కాకుండానే రాలిపోతాయి, చెట్టు పట్టించుకోదు. బడికి ఆ వీలు లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఎవరు వచ్చినా ఫీజు అడగకుండా, ప్రవేశ పరీక్ష పెట్టకుండా చేర్చుకోవాలి. పుట్టిన తేదీ పత్రం లేదనో, పాత బడి నుంచి టి.సి. ఆలస్యమైందనో వెనక్కి పంపకూడదు. పిల్లలను కొట్టకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. మా కాలంలో ఆ చట్టం లేదన్న సంగతి నా అరచేతులకు బాగా తెలుసు.

పుస్తకాల గురించి బెంగ వద్దు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఇస్తున్న పాఠ్యపుస్తకాలలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు రాని అమ్మ కూడా పక్కన కూర్చుని చదివించవచ్చు.

మధ్యాహ్న భోజనం చూడాలంటే మాత్రం వరండాకు వెళ్ళాలి. మన దగ్గర 2003 జనవరి నుంచి బడిలో వండి పెడుతున్నారు. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ, మన కోనసీమలోని లంకల గన్నవరంలో, ఏరు దాటి వచ్చిన బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. గుడ్డు ఇచ్చే రోజున ఐదో తరగతి ఆడపిల్ల తన కంచం పక్కన పెట్టి, ఒకటో తరగతి బుడతడికి పెంకు ఒలిచి, అంటుకున్న ముక్క గోటితో తీసి ఇవ్వడం నేను ప్రహరీ మీదుగా చూశాను. ఒక్కో తరగతికి ఒక్కో గది, ఒక్కో వరుస ఉంటే ఆ పిల్ల చేయి అంత దూరం వెళ్ళేదా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బడి గంట మాటా చెప్పాలి. అది వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మా చిన్నప్పుడు ఈ లంకల్లో రైలు ఊసే లేదు. నేను మొదటిసారి రాజమండ్రి స్టేషనులో పట్టాలు చూసి, ఇన్ని బడిగంటలు నేల మీద ఎందుకు పరిచారని నాన్నగారిని అడిగాను. మా కాలపు ముక్కే ఇంకా మోగుతోంది.

12వ తేదీన ఆ గంట కొట్టకముందే వెళ్ళండి. బోరింగు పక్కన ఒక కొబ్బరిచెట్టు ఉంది. దాని గెలలు పూత నుంచి ముదురు కాయ దాకా లెక్కపెట్టండి. ఒకచోట నిలబడితే అన్నీ కనబడవు, చుట్టూ తిరగాలి. లెక్క తేలకపోతే పక్కనున్న నాలుగో తరగతి వాళ్ళను అడగండి. సాయంత్రం వచ్చి ఎన్ని ఉన్నాయో నాకు చెప్పండి. నా కళ్ళకు ఇప్పుడు పై గెలలు ఆనడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య