ఇంప్లాంట్ మీద ముందు ఎవరు చేరతారు?

మోకాలి మార్పిడి కోసం నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చెన్నై వచ్చి, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో దిగే మనవాళ్లు డాక్టరుగారిని ముందుగా అడిగేది "ఎన్నేళ్లు వస్తుందండీ?" అనే. ఒంట్లో పెట్టే ఆ కృత్రిమ కీలు, అంటే ఇంప్లాంట్, పైపూత ఏమిటో కూడా అడగాలి. ఇన్ఫెక్షన్ పట్టు దొరకబుచ్చుకునేది అక్కడే.

లోహం ఒంట్లోకి వెళ్లగానే రక్తంలోని ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రొటీన్లు దాన్ని కప్పేస్తాయి. మన కణాలు అతుక్కునేది ఈ ప్రొటీన్లకే, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పట్టుకునేదీ వీటినే. జనరల్ బోగీలో సీటులా, ముందు ఎక్కినవాళ్లదే చోటు. ఎముకల సర్జన్ ఆంథొనీ గ్రిస్టినా 1987లో దీన్ని ఉపరితలం కోసం పరుగుపందెం అన్నాడు. బ్యాక్టీరియా గెలిచిందా, జిగురుపొర అల్లుకుని బయోఫిల్మ్‌గా స్థిరపడుతుంది. ఇక యాంటీబయాటిక్స్‌కి ఓ పట్టాన లొంగదు. చాలాసార్లు ఇంప్లాంటునే తీసేయాల్సి వస్తుంది.

ఒంట్లో పరాయి వస్తువు ఉంటే ఎంత తేడానో 1957లోనే ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు వాలంటీర్ల మీద చూపించారు. మామూలు చర్మంలో చీము పట్టడానికి లక్షల్లో బ్యాక్టీరియా కావాలి. అదే చోట పట్టుదారం కుట్టు ఉంటే ఓ వంద చాలు.

మరి నున్నగా, ఏదీ అంటకుండా పూత వేస్తే? పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత చేసే పని అదే. నీటిని పట్టి ఉంచి ప్రొటీన్లను దగ్గరికి రానివ్వదు. ఒంట్లో గొట్టంలా పెట్టి కొన్నాళ్లకు తీసేసే క్యాథెటర్‌కి అది బాగానే ఉంటుంది. ఎముకలో దిగే టైటానియం కాడకి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఎముక కూడా అంటుకోదు. ఎముక పట్టడానికి, ఎముకలోని ఖనిజం లాంటిదే అయిన హైడ్రాక్సీఅపటైట్ పూత వేస్తారు. దాని గరుకుదనం బ్యాక్టీరియాకూ ఆసరా కావచ్చు. స్టెఫైలోకాకస్ అడ్డుకొలత సుమారు 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆ పాటి గుంట ఉన్నా దాక్కుంటుంది.

వెండి పూత అయాన్లను వదిలి బ్యాక్టీరియాని చంపుతుంది. ఎముక క్యాన్సర్‌కి వాడే పెద్ద ఇంప్లాంట్లకు దీన్ని వేస్తున్నారు. మోతాదు మించితే మన కణాలకూ హానే. చెట్ల మీద రొద పెట్టే సికాడా అనే కీచురాయి రెక్కల మీది, కంటికి ఆనని నానో ముళ్లు బ్యాక్టీరియా పొరని చీల్చేస్తాయని 2012లో తేలాక, టైటానియం మీద అలాంటి ముళ్లు దింపే ప్రయత్నాలు సాగుతున్నాయి. నాకు ఎక్కువ ఆశ వీటిమీదే, మందు అయిపోతుందన్న బెంగ ఉండదు. కానీ చచ్చిన బ్యాక్టీరియా అక్కడే పేరుకుంటే ముళ్లు మూసుకుపోతాయి. ఆ చిక్కు ఇంకా విడలేదు.

పూత ఏదైనా, పుచ్చిన పన్ను నుంచి రక్తంలోకి చేరే బ్యాక్టీరియా ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా ఇంప్లాంట్‌ని చేరగలదు. అందుకే చెన్నై రైలెక్కే ముందే పళ్లు చూపించుకుని, షుగర్ అదుపులోకి తెచ్చుకుని రండి.