అపోహలు - వాస్తవాలు: ఫ్యాన్ ఆపేసి ఉక్కలో పడుకోకండి

ఏ ఇంట్లో కరెంటు ఎక్కడ కాలుతోందో లెక్క తీసి చెప్పడం నా పని. ఈమధ్య ఏ ఇంటికెళ్ళినా ఒకటే ప్రశ్న: "పర్యావరణం కోసం ఇన్ని వదిలేశామండీ, ఇంకేం వదలమంటారు?" ఏమేం వదిలేశారో వింటే బాధేస్తుంది. చాలావరకు వదలక్కర్లేనివే.

అపోహ: ఎంత ఇబ్బంది పడితే అంత పొదుపు.

వాస్తవం: మీరెంత ఇబ్బంది పడ్డారన్నది మీటరులో ఎక్కదు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రాత్రి ఏడు గంటలు తిరిగితే అర యూనిట్. గీజర్‌లో 15 లీటర్ల నీళ్ళు 30 డిగ్రీలు వేడెక్కడానికీ ఆ అర యూనిట్టే పడుతుంది. రాత్రంతా చెమటలో దొర్లి మిగిల్చిన కరెంటు పొద్దున ఒక్క ట్యాంకు వేడినీళ్ళతో సరి! ఇంట్లో యూనిట్లు మింగేవి వేడి పుట్టించేవీ, చల్లబరిచేవీ. గాలి తిప్పేవి, వెలుగిచ్చేవి వాటి ముందు ఏపాటి?

ఒకింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ రెండు వేసవులుగా ఫ్యాన్ లేకుండా పడుకుంటున్నారు. "పిల్లలకి భూమిని మిగల్చాలి కదా బాబూ, నేను ఓర్చుకోగలను" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అదే ఇంట్లో గీజర్ స్విచ్ పొద్దున వేస్తే రాత్రికే ఆపేది. మాటిమాటికీ వేసి ఆపితే ఎక్కువ కాలుతుందని ఎవరో చెప్పారట. ఆవిణ్ణి మీటరు దగ్గరికి తీసుకెళ్ళాను. దాని మీద 3200 అని రాసుంది, అంటే ఎర్ర లైటు అన్నిసార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్. అన్నీ ఆపి ఫ్యాన్ ఒక్కటే వేయించాను. పావు నిమిషానికి ఒక్కసారి వెలిగింది. ఫ్యాన్ ఆపి 2000 వాట్ల గీజర్ వేయిస్తే సెకనుకు దాదాపు రెండుసార్లు. ఆవిడ చాలాసేపు ఆ లైటునే చూస్తూ నిలబడ్డారు. ఆ రాత్రి నుంచే ఫ్యాన్ వేసుకుంటున్నారని తర్వాత వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు.

గీజర్ గురించిన ఆ పుకారు ఎక్కడ పుట్టిందో గానీ ఎన్ని ఇళ్ళలో విన్నానో! ట్యాంకులో నీళ్ళు ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత వేడి బయటికి పోతుంది. పోయిందల్లా మళ్ళీ కరెంటుతోనే పూడ్చాలి. కాబట్టి స్నానానికి కాస్త ముందు వేసి, అవగానే ఆపేయండి. ముల్లు 60 డిగ్రీలు దాటక్కర్లేదు.

పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళకు మరీ మరీ చెబుతున్నాను, ఎండాకాలంలో చల్లదనం విలాసం కాదు. వడదెబ్బ ప్రాణాలు తీస్తుంది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటికి వేడిగాలే కొడుతుంది. అప్పుడు ఏసీ ఉంటే వెయ్యండి, తప్పు చేస్తున్నామని దిగులు పడకండి. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం మాత్రం వట్టిమాట. చాలా ఏసీలు 26లో పెట్టినా మొదట అదే వేగంతో పనిచేస్తాయి. 26లో పెట్టి ఫ్యాన్ తోడివ్వండి. ఫ్యాన్ చల్లబరిచేది మనిషిని, గదిని కాదు. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాన్ మాత్రం నిజంగా దండగే.

రాత్రిపూట ఫ్రిజ్ ఆపేయడం ఇంకొకటి. దయచేసి మానేయండి. లోపలికి చేరిన వేడినంతా పొద్దున కంప్రెసర్ మళ్ళీ తోడిపోయాల్సిందే, మిగిలేది స్వల్పం. ఈలోగా తిండి పాడవుతుంది. ప్రపంచంలో గ్రీన్‌హౌస్ వాయువుల్లో 8-10 శాతం వృథా అయిన ఆహారం వల్లేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క.

ఫోన్ లేని చార్జర్ ప్లగ్గులో ఉంటే కొంప మునుగుతుందా? మునగదు, ఏడాదంతా ఉన్నా రెండు మూడు యూనిట్లు దాటదు. పొదుపు కోసమని బాగున్న ఫోను మార్చి కొత్తది కొనడం? వద్దు, ఏ ఫోనుకైనా దాని వల్ల జరిగే కాలుష్యంలో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది.

ఏదో ఒకటి వదిలితే గానీ మనసు ఊరుకోదంటారా, వేడినీళ్ళలో బట్టలుతకడం వదలండి. వేడినీళ్ళ ఉతుకులో వాషింగ్ మెషిన్ తినే కరెంటు చాలావరకు నీళ్ళు కాచడానికే పోతుంది. రోజువారీ మురికికి చన్నీళ్ళు చాలు.