కొరియాలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

దక్షిణ కొరియా వెళ్లి ఇంగ్లీషు చెప్పాలనుకునేవాళ్లకు పిల్లలు మాట వింటారో లేదోనన్న బెంగే ముందు పుడుతుంది. కానీ ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చేసినవాళ్లను కదిలిస్తే, చదవకుండా సంతకం పెట్టిన షరతు గురించో, దాటిపోయిన గడువు గురించో చెబుతారు. అందుకే ఇక్కడ పాఠం చెప్పే పద్ధతుల జోలికి పెద్దగా పోకుండా కాగితాలు, జీతం, ఇల్లు గురించే ఎక్కువ రాస్తున్నాం.

అపోహ: ఇంగ్లీషు బాగా వస్తే చాలు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు చూపిస్తే వీసా ఇచ్చేస్తారు

ఇంగ్లీషు టీచర్లకు ఇచ్చేది ఇ-2 వీసా. దానికి మీ స్కోరుతో పని లేదు, ముందు చూసేది పాస్‌పోర్టు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులై ఉండి, ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉంటే అర్హత ఉన్నట్టే. ఆ దేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలు చాలామంది ఈ దారిలోనే వెళ్తున్నారు. చిన్నప్పుడు వలస వెళ్లినవాళ్లు ఒకటి గమనించాలి. ప్రభుత్వ బడుల్లో టీచర్లను నియమించే ఈపిక్ కార్యక్రమం, ఏడో తరగతి నుంచి చదువంతా ఇంగ్లీషులోనే సాగిందనీ, ఆ దేశంలో మొత్తం పదేళ్లు ఉన్నారనీ రుజువు అడుగుతుంది. పాత స్కూలు రికార్డులు ముందే తెప్పించుకోండి, వేసవి సెలవుల్లో ఆఫీసులు పలకవు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు దారి ఉంది కానీ చాలా ఇరుకైనది. భారత్-కొరియాల మధ్య 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సెపా అనే ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ప్రకారం, డిగ్రీతో పాటు ఇంగ్లీషు బోధనకు సంబంధించిన టీచరు అర్హత పత్రం ఉన్నవాళ్లు ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు సహాయక టీచరుగా చేరవచ్చు. ఇది బడులకు మాత్రమే. ప్రైవేటు కోచింగ్ సెంటర్లకు, అంటే హాగ్వోన్‌లకు, ఈ వెసులుబాటు లేదు. కాబట్టి భారత పాస్‌పోర్టు మీద హాగ్వోన్ ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా ఫీజు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. నియామక ఏజెంట్లకు కమిషన్ ఇచ్చేది బడి లేదా హాగ్వోన్. టీచరు దగ్గర డబ్బు తీసుకునే పద్ధతి అక్కడ లేదు.

అపోహ: డిగ్రీ, పోలీసు సర్టిఫికెట్ నోటరీ చేయిస్తే సరిపోతుంది

రెండింటికీ అపోస్టిల్ కావాలి, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర. నేరచరిత్ర లేదన్న పత్రం జాతీయ స్థాయిది కావాలి, తీసుకుని ఆరు నెలలు దాటి ఉండకూడదు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. డిగ్రీకి అపోస్టిల్ వేసేది రాష్ట్ర ప్రభుత్వం, ఎఫ్‌బీఐ పత్రానికి వేసేది ఫెడరల్ విదేశాంగ శాఖ. ఎఫ్‌బీఐ కాగితాన్ని రాష్ట్ర కార్యాలయానికి పంపితే అది తిరిగొచ్చేసరికి వారాలు గడిచిపోతాయి, నోటిఫికేషన్ గడువూ దాటిపోతుంది. కెనడా 2024 జనవరిలో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి, అంతకుముందు రాసిన సలహాల్లో కనిపించే కాన్సులేట్ ధ్రువీకరణ గొడవ ఇప్పుడు లేదు.

భారత్‌లో పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా తీసుకోవాలి, స్థానిక స్టేషన్ ఇచ్చే కాగితం పనికిరాదు. డిగ్రీ పట్టాకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. ప్రొవిజనల్ మీద ఆధారపడకుండా కాన్వొకేషన్ పట్టా తీసి పెట్టుకోండి.

అపోహ: బడి అయినా, హాగ్వోన్ అయినా ఉద్యోగం ఒకటే

ఈపిక్ ద్వారా బడిలో చేరితే వారానికి 22 పీరియడ్లు. మిగతా సమయం బడిలోనే ఉండి పాఠాలు సిద్ధం చేసుకోవాలి, మొత్తం 40 గంటలు. ప్రాథమిక పాఠశాలలో పీరియడ్ 40 నిమిషాలు, మిడిల్ స్కూల్లో 45, హైస్కూల్లో 50. పక్కన కొరియన్ టీచరు ఉంటారు. క్లాసు క్రమశిక్షణ, మార్కులు, తల్లిదండ్రులతో మాటలు వారి బాధ్యత. ఆ టీచరుకు చెప్పకుండా పాఠం మార్చేస్తే ఇద్దరి మధ్యా దూరం పెరుగుతుంది. ఇల్లు, బ్యాంకు, ఆసుపత్రి పనుల్లో మొదటి నెలల్లో మీకు తోడు వచ్చేదీ వారే. నియామకాలు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి చివర, ఆగస్టు చివర జరుగుతాయి. ఏ ఊరు వస్తుందో మీ చేతిలో ఉండదు.

హాగ్వోన్‌లో పని మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగుతుంది. కిండర్‌గార్టెన్ పిల్లలుంటే ఉదయం నుంచే. రాజధాని సోల్‌లో రాత్రి 10 దాటాక హాగ్వోన్‌లు పాఠాలు చెప్పకూడదని నిబంధన ఉంది. ఊరు మీరే ఎంచుకోవచ్చు, ఏ నెలలోనైనా చేరవచ్చు. అయితే యజమాని మంచివాడైతేనే ఆ ఏడాది సాఫీగా గడుస్తుంది. అందుకే సంతకానికి ముందు అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న విదేశీ టీచరుతో, యజమాని పక్కన లేకుండా మాట్లాడించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం వదిలేయడమే మేలు.

అపోహ: కాంట్రాక్టు అందరికీ ఒకే నమూనా, చదివి ప్రయోజనం లేదు

ఎక్కువ నష్టం జరిగేది ఈ నమ్మకం వల్లే.

ముందు కాలపరిమితి చూడండి. ఒకే చోట ఏడాది నిండితే, వారానికి 15 గంటలు, ఆపైన పనిచేసినవాళ్లకు కనీసం 30 రోజుల సగటు వేతనం సెవరెన్స్‌గా, అంటే ఉద్యోగం ముగిశాక ఇచ్చే పరిహారంగా, ఇవ్వాలని చట్టం. 11 నెలల కాంట్రాక్టు రాస్తున్నారంటే ఆ డబ్బు ఎగ్గొట్టడానికే అనుకోండి. "సెవరెన్స్ జీతంలోనే కలిసి ఉంది" అని రాసినా సంతకం పెట్టొద్దు.

తర్వాత పన్ను. జీతంలో 3.3 శాతం మాత్రమే కోస్తామంటే చేతికి ఎక్కువ వస్తుందని సంబరపడతారు. ఆ 3.3 శాతం ఫ్రీలాన్సర్లకు కోసే రేటు. మిమ్మల్ని ఉద్యోగిగా కాకుండా ఫ్రీలాన్సర్‌గా చూపిస్తున్నారన్నమాట. పెన్షన్‌లో, ఆరోగ్య బీమాలో యజమాని కట్టాల్సిన సగం ఎగిరిపోతుంది, రేపు సెవరెన్స్ అడిగితే "నువ్వు ఉద్యోగివే కాదు" అంటారు. నాలుగు బీమాలు, అంటే జాతీయ పెన్షన్, ఆరోగ్య బీమా, ఉద్యోగ బీమా, పని ప్రమాద బీమా, వీటి పేర్లు కాంట్రాక్టులో ఉన్నాయేమో చూడండి. ఉద్యోగ బీమా ఇ-2 వాళ్లకు ఎలా వర్తిస్తుందో విడిగా అడగాలి, మిగతా మూడూ ఉండాల్సిందే (దక్షిణాఫ్రికావాళ్లకు పెన్షన్ తప్ప).

"వారానికి 30 గంటలు" అని ఉంటే గంట అంటే ఎంతో అడగండి. 40 నిమిషాల క్లాసును గంటగా లెక్కిస్తే 30 క్లాసులే, గంటంటే నిండా 60 నిమిషాలంటే 45 క్లాసులు చెప్పాల్సి వస్తుంది. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది ఉద్యోగులున్న చోట మొదటి ఏడాది నెలకొకటి చొప్పున 11 రోజుల వేతన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. ఐదుగురికన్నా తక్కువుంటే ఆ రక్షణ లేదు. చిన్న హాగ్వోన్ అయితే సెలవుల సంఖ్య కాగితం మీద రాయించుకోవాల్సిందే.

మధ్యలో మానేస్తే ఇంత జరిమానా కట్టాలన్న షరతు చెల్లదు. అలాంటి ముందస్తు పరిహారాన్ని కార్మిక ప్రమాణాల చట్టంలోని 20వ అధికరణం నిషేధిస్తుంది. జీతం ఆపినా, సెవరెన్స్ ఇవ్వకపోయినా కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 1350కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. జీతం స్లిప్పులు, మెసేజీలు, క్లాసుల టైంటేబుల్ మొదటి నెల నుంచే దాచుకోండి.

అపోహ: దిగాక నెమ్మదిగా రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు

దిగిన 90 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ పూర్తి చేసి రెసిడెన్స్ కార్డు తీసుకోవాలి. 90 రోజులంటే చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఇమిగ్రేషన్ ఆఫీసుకు హైకొరియా వెబ్‌సైట్‌లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, పెద్ద ఊళ్లలో అది వారాల తర్వాతి తేదీకి దొరుకుతుంది. ఆపైన కార్డు తయారవడానికి ఇంకొన్ని వారాలు. అందుకే దిగిన వారంలోనే అపాయింట్‌మెంట్ బుక్ చేసి, ఆలోగా వైద్య పరీక్ష చేయించుకోండి. అనుమానం వస్తే 1345కి ఫోన్ చేయవచ్చు, ఇంగ్లీషులో మాట్లాడతారు.

వైద్య పరీక్ష నిర్దేశించిన ఆసుపత్రిలోనే జరగాలి. ఛాతీ ఎక్స్‌రేతో పాటు మత్తు పదార్థాల పరీక్ష కూడా ఉంటుంది. మన వంటలు తినేవాళ్లకు ఒక హెచ్చరిక: గసగసాలు తిన్నాక మూత్ర పరీక్షలో నల్లమందు జాడలు కనిపించే అవకాశం ఉంది. వెళ్లే ముందు వారం గసగసాల కూరలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు మానండి. గసగసాల పొట్లం సామానులోనూ పెట్టుకోవద్దు. రిపోర్టు కవరు సీల్ వేసి ఇస్తే అలాగే ఇమిగ్రేషన్‌కు ఇవ్వాలి, విప్పితే చెల్లదు.

పేరు విషయం తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పొడుగాటి ఇంటిపేరు, రెండు మూడు భాగాల సొంతపేరు, లేదా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. కొరియాలో బ్యాంకు యాప్, ఆన్‌లైన్ కొనుగోళ్లు, ఆసుపత్రి బుకింగ్ అన్నీ ఫోన్ నంబరుతో చేసే గుర్తింపు ధ్రువీకరణ మీద నడుస్తాయి. కార్డు మీద, బ్యాంకులో, ఫోన్ కంపెనీ రికార్డులో పేరు అక్షరం అక్షరం, మధ్య ఖాళీలతో సహా ఒకేలా లేకపోతే ఆ ధ్రువీకరణ విఫలమవుతుంది. యాప్ కారణం చెప్పదు. బ్యాంకులో, ఫోన్ షాపులో గుమస్తా టైపు చేసిన పేరును స్క్రీన్ మీద చూపించమని అడిగి, కార్డుతో సరిచూసుకున్నాకే కదలండి. కార్డు వచ్చేదాకా పాస్‌పోర్టు మీద ప్రీపెయిడ్ సిమ్ వాడుకుని, వచ్చాక నంబరును కార్డు వివరాలకు మార్పించుకోవాలి. కొత్త బ్యాంకు ఖాతాకు రోజుకింతే పంపాలన్న పరిమితి ఉంటుంది. రెండు మూడు నెలల జీతం స్లిప్పులు చూపించి ఎత్తేయమని అడగొచ్చు.

ఇల్లు మారితే 15 రోజుల్లోపు కొత్త చిరునామా నమోదు చేయించాలి. మరచిపోతే జరిమానా.

అపోహ: శనాదివారాలు ట్యూషన్లు చెప్పుకోవచ్చు, ఎవరూ పట్టించుకోరు

ఇ-2 వీసా ఒక యజమానికి కట్టి ఉంటుంది. ఇంటి ట్యూషన్ చట్టవిరుద్ధం. రెండో చోట చెప్పాలంటే మొదటి యజమాని అంగీకారం, ఇమిగ్రేషన్ అనుమతి రెండూ కావాలి. పట్టుబడితే జరిమానాతో ఆగకపోవచ్చు, దేశం నుంచి పంపించేయవచ్చు. కొరియాలో చదువుకుంటున్న మన విద్యార్థులకు కూడా ఇదే మాట. డి-2 విద్యార్థి వీసా మీద అనుమతి లేకుండా పిల్లలకు ఇంగ్లీషు చెప్పి చదువును పణంగా పెట్టకండి. ఎఫ్-3 కుటుంబ వీసా మీద వెంట వచ్చే భర్తకు, భార్యకు కూడా ఆ వీసాతో పనిచేసే హక్కు ఉండదు.

అపోహ: ఇల్లు వాళ్లే ఇస్తారు కాబట్టి చూసుకోవాల్సింది ఏమీ లేదు

ఇచ్చేది సాధారణంగా ఒకే గది, మూలన వంటగట్టు. కరెంటు, గ్యాసు, నిర్వహణ రుసుము మీవే. దిగిన రోజే గోడల బూజు, పరుపు, వాషింగ్ మెషీన్ ఫొటోలు తీసి యజమానికి పంపండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మరకలు మీ ఖాతాలో పడవు.

వెచ్చదనం నేల కింద పైపుల్లో తిరిగే వేడి నీటి వల్ల వస్తుంది. గోడ మీది బాయిలర్ ప్యానెల్‌లో "ఓన్సు" అంటే వేడి నీళ్లు, "వేచుల్" అంటే బయటికి వెళ్లేటప్పుడు పెట్టేది. గ్యాసు ఆదా అవుతుందని జనవరిలో బాయిలర్ పూర్తిగా ఆపేసి ఊరెళ్తే పైపులు గడ్డకట్టి పగులుతాయి, మరమ్మతు ఖర్చు మీ మీద పడుతుంది. వేచుల్‌లో ఉంచి వెళ్లండి. మైనస్ 10 డిగ్రీల కిందికి పోయే రాత్రుల్లో కుళాయిని వేడి నీటి వైపు తిప్పి సన్నటి ధారగా వదలండి.

చెత్తకు ఆ వార్డు పేరు అచ్చువేసిన సంచులే వాడాలి, కిరాణా కొట్లలో అమ్ముతారు. తిండి వ్యర్థాలు వేరు, కానీ వంటింట్లో మిగిలేదంతా తిండి వ్యర్థం కాదు. పశువులు తినగలిగేదేనా అని చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లి, వెల్లుల్లి పొట్టు, మామిడి టెంక, టీ పిప్పి మామూలు చెత్త సంచిలోకే వెళ్లాలి.

అపోహ: అన్నం తినే దేశమే కదా, శాకాహారులకు ఇబ్బంది ఉండదు

ఉంటుంది. మాంసం ముక్క కనబడని చారులో నెత్తళ్ల రసం ఉంటుంది, అక్కడి ఊరగాయ కిమ్చీలో ఉప్పు రొయ్యలో, చేప రసమో కలుస్తాయి. బడి మధ్యాహ్న భోజనంలో అన్నం, ఒకటి రెండు ఆకుకూరలు తప్ప మిగతావి నమ్మలేం. భోజనం డబ్బు నెలనెలా కట్టాలి కాబట్టి, తినకపోతే మొదటి వారమే చెప్పి డబ్బా తెచ్చుకోండి. కందిపప్పు, చింతపండు, ఆవాలు సోల్‌లో ఇటేవాన్ మసీదు పరిసరాల్లో, ఆన్సాన్‌లోని వోన్‌గోక్-దోంగ్ కొట్లలో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు.

అపోహ: పెన్షన్ కోత పోయిన డబ్బే

పెన్షన్ కోత 2025 వరకు జీతంలో 9 శాతం, యజమాని సగం, మీరు సగం. 2026 నుంచి ఏటా అర శాతం చొప్పున పెరుగుతోంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, భారత పౌరులు కొరియా వదిలి వెళ్లేటప్పుడు రెండు వాటాలూ కలిపి వెనక్కి తీసుకోవచ్చు. బ్రిటన్ పౌరులకు ఆ వీలు లేదు. దక్షిణాఫ్రికావాళ్లు అసలు కట్టనక్కర్లేదు. విమానం టికెట్ చేతికొచ్చాక, ప్రయాణానికి నెల లోపల పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, బ్యాంకు పుస్తకంతో జాతీయ పెన్షన్ కార్యాలయానికి వెళ్లండి. ఇంచాన్ విమానాశ్రయంలో తీసుకునే ఏర్పాటు కూడా ఉంది, దానికీ ముందే దరఖాస్తు పెట్టాలి.

సెవరెన్స్ చెల్లించడానికి యజమానికి ఉద్యోగం ముగిశాక 14 రోజుల గడువు ఉంది. అప్పటికి మీరు దేశం దాటి ఉండొచ్చు. అందుకని బ్యాంకు ఖాతా మూసేయకండి, ఫోన్ నంబరు కూడా వెంటనే రద్దు చేయకండి. నంబరు పోతే యాప్ తెరుచుకోదు, ఖాతాలో పడిన డబ్బు బయటికి రాదు. బయల్దేరే ముందే బ్యాంకుకు వెళ్లి, మీ స్వదేశీ ఖాతాకు డబ్బు పంపే ఏర్పాటు నమోదు చేయించుకోండి.