శనివారం రగ్బీ: గట్టు మీద నిలబడే ఫిజియో చెప్పే అపోహలు - వాస్తవాలు

వారమంతా ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో మోకాళ్లు, నడుములు, భుజాలు చూసే ఫిజియోథెరపిస్టుని. శనివారం మధ్యాహ్నం మాత్రం వెస్ట్ యార్క్‌షైర్‌లో మా ఊరి రగ్బీ క్లబ్ మైదానం పక్కన, నీళ్ల సీసాలు, ఐస్ డబ్బా, టేపు చుట్టలు ముందేసుకుని నిలబడతాను. జీతం లేదు. మ్యాచ్ అయ్యాక వేడివేడి భోజనం మాత్రం పెడతారు.

ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లకి పండక్కో పేరంటానికో వెళ్లినప్పుడు ఈ సంగతి బయటపడితే చాలు, ప్రశ్నలు మొదలు. "అన్నా, మావాణ్ణి స్కూల్లో రగ్బీలో వేస్తామంటున్నారు, పంపమంటావా?" అని ఒకరు. "అది ఆటా, కొట్లాటా?" అని ఇంకొకరు. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్‌లో, "దెబ్బలు తగిలాక కట్టు కట్టే బదులు తగలకుండా ఆడమని చెప్పొచ్చు కదరా" అంటుంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ఒక సీజన్‌లో నాకు ఎదురయ్యే అపోహల్ని ఒకచోట పెడుతున్నాను. ఈ ఆటలో ప్రమాదం లేదని మాత్రం చెప్పను. జనం భయపడేది ఒకదానికి, నేను భయపడేది ఇంకొకదానికి, అంతే తేడా.

అపోహ: రగ్బీకి ఏనుగులాంటి ఒళ్లు ఉండాలి.

వాస్తవం: జట్టులో ఉండే 15 మందిలో ఒక్కొక్కరిది ఒక్కో పని. చొక్కా మీది నంబరే ఆ పని పేరు. 1, 3 నంబర్లు ప్రాప్‌లు, స్క్రమ్ అనే తోపులాటలో ముందు వరసవాళ్లు. వాళ్లకి మెడ, నడుము గట్టిగా ఉండాలి. 4, 5 నంబర్లు లాక్‌లు, పొడుగువాళ్లు. బంతి పక్క గీత దాటిపోతే దాన్ని మళ్లీ లోపలికి విసిరే లైనౌట్‌లో, గాల్లోకి ఎత్తితే బంతి అందుకునేవాళ్లు. 11, 14 పరుగు వీరులు. 9వ నంబరు స్క్రమ్ హాఫ్, తోసుకునే గుంపులోంచి బంతి తీసి బయటికి అందించేవాడు. మా క్లబ్ 9వ నంబరు నా భుజం దాకా వస్తాడు, నేనేమీ ఆజానుబాహుణ్ణి కాను. మైదానంలో అందరికంటే ఎక్కువ నోరు అతనిదే.

అపోహ: క్లబ్‌కి పెద్ద తలనొప్పి గెలవడం.

వాస్తవం: మనుషులు దొరకడం. లీగ్ లెక్క మామూలే: గెలిస్తే 4 పాయింట్లు, డ్రా అయితే 2, నాలుగు ట్రైలు (బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి ఆనించడం) చేస్తే ఒకటి అదనం, 7 పాయింట్ల లోపు తేడాతో ఓడినా ఒకటి. ఆ పట్టిక వైపు చూసేది మొదటి జట్టువాళ్లు. నేను వెళ్లేది ఎక్కువగా మూడో జట్టు మ్యాచ్‌లకి. అక్కడ శుక్రవారం రాత్రి కెప్టెన్‌కి ఫోన్ వదిలే పనే ఉండదు. ఒకడికి అత్తగారి పుట్టినరోజు, ఒకడికి షిఫ్టు మారింది, ఒకడు "చూస్తాను" అన్నాడంటే రాడని అర్థం.

అందులోనూ ముందు వరస ముగ్గురూ దొరక్కపోతే కథ వేరు. రెండు వైపుల నుంచీ ఎనిమిదేసి మంది తలలు జొనిపి తోసుకునే స్క్రమ్‌లో మెడల మీద పడే బరువు తమాషా కాదు. అందుకే ముందు వరసలో శిక్షణ ఉన్నవాళ్లే నిలబడాలి. లేకపోతే తోపులాట లేకుండా ఉత్తుత్తి స్క్రమ్‌తో మ్యాచ్ నడిపిస్తారు. డిసెంబరులో ఒక శనివారం మా ప్రాప్ కారు మోటార్‌వే మీద ఆగిపోయింది. 52 ఏళ్ల పాత ప్రాప్ ఒకాయన మనవణ్ణి తీసుకుని ఆట చూడ్డానికి వచ్చాడు. బూట్లు ఎవరివో, నిక్కరు ఎవరిదో వేసుకుని మైదానంలోకి దిగాడు. సగం ఆట అయ్యేసరికి నా దగ్గరికొచ్చి "ఎక్కడ నొప్పి లేదో చెప్పడం తేలిక" అన్నాడు. మనవడు ఆ సాయంత్రమంతా తాతని వదల్లేదు.

అపోహ: ఎదుటివాణ్ణి ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని పడెయ్యొచ్చు.

వాస్తవం: ఇంగ్లండ్‌లో ఊరి క్లబ్బుల స్థాయిలో 2023-24 సీజన్ నుంచి ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడెయ్యడం) ఎత్తు తగ్గించారు. రొమ్ము ఎముక అడుగు భాగం కంటే పైన పట్టుకోకూడదు. ముందు నడుము దాకానే అని ప్రకటించారు, ఆటగాళ్లు గోల చేశారు, చివరికి ఇక్కడ తేలింది. భుజంతో గుద్ది వదిలేయడం కూడా తప్పే, చేతులు చుట్టాలి.

ఈ ట్యాకిల్ సంగతి నాకు ఒంటికి తగిలి తెలిసింది. మొదటి ఏడాది ఆగస్టులో సరదాకి నేనూ ప్రాక్టీస్‌లో దిగాను. చిన్నప్పుడు చెడుగుడు ఆడినవాణ్ణి, కాలు పట్టడం నాకు కొత్తా అనుకున్నాను. చెడుగుడులో కూతకొచ్చినవాడు అడుగు ముందుకేస్తూ వెనక్కేస్తూ ఉంటాడు, అదను చూసి చీలమండ దొరకబుచ్చుకుంటాం. ఇక్కడ వాడు బంతి చంకలో పెట్టుకుని పూర్తి వేగంతో వస్తున్నాడు. నేను తల వంచి అతని తొడల ముందుకి దూకబోయాను. కోచ్ ఈల ఊదేశాడు. "నీ తల ఎక్కడుంది?" అని అడిగాడు. చూస్తే అతని మోకాళ్ల దారిలో ఉంది. తర్వాత పది నిమిషాలు నాతో ఒకటే పని చేయించాడు: కళ్లు తెరిచి, వీపు నిటారుగా ఉంచి, దగ్గరగా అడుగేసి, తల అతని పిర్ర వెనక్కి వెళ్లేట్టు పెట్టి, నా చెంప అతని పిర్రకి ఆనించి, చేతులు గట్టిగా బిగించడం. వింటే నవ్వొస్తుంది గానీ మెడ నిలిచేది ఆ ఒక్క మెళకువతోనే.

ట్యాకిల్‌లో తలకి దెబ్బ ఎక్కువసార్లు తగిలేది పడిపోయేవాడికి కాదు, పట్టుకునేవాడికి. ఎత్తు తగ్గించడం వెనకున్న కారణమూ అదే. రెండు తలలు ఒకే ఎత్తులో ఉంటే ఢీకొనక తప్పదు.

అపోహ: స్పృహ తప్పితేనే తలకి దెబ్బ. లేచి నిలబడ్డాడంటే ఏమీ కాలేదు.

వాస్తవం: నేను గట్టున నిలబడేది ముఖ్యంగా ఈ ఒక్క అపోహ కోసమే. విరిగిన ఎముక కనబడుతుంది, కారే రక్తం కనబడుతుంది, వాటికి ఎవరూ వాదించరు. కంకషన్, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం, కనబడదు. కంకషన్ అయినవాళ్లలో స్పృహ తప్పేది పదో వంతు కంటే తక్కువ మందే. మిగతావాళ్లు లేస్తారు, పరిగెడతారు, నాకేం కాలేదంటారు.

నవంబరులో ఒక మ్యాచ్. మా లాక్ ఒకడు, ఆరడుగుల నాలుగంగుళాల కుర్రాడు, ట్యాకిల్‌కి వెళ్లి ఎదుటివాడి తుంటికి తల కొట్టుకుని పడ్డాడు. మూడు సెకన్లలో లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను చూసింది అతని పాదాలు. లైనౌట్‌కి వెళ్తూ ఒక అడుగు పక్కకి వేసి, మళ్లీ సర్దుకున్నాడు. తర్వాత మా వైపు కాకుండా అవతలి జట్టు వరసలోకి వెళ్లి నిలబడబోయాడు.

పరిగెత్తి వెళ్లి అడిగాను. అడగాల్సిన ప్రశ్నలు ముందే ఖాయం. ఇప్పుడు మనం ఏ మైదానంలో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండో సగమా? ఇందాక స్కోరు చేసింది ఎవరు? పోయిన వారం ఎవరితో ఆడాం? గెలిచామా? మైదానం పేరు చెప్పాడు. రెండో ప్రశ్నకి "మొదటి సగం" అన్నాడు. అప్పటికి రెండో సగం మొదలై పావుగంటయింది.

"బయటికి రా" అన్నాను. రానన్నాడు. రెఫరీ వైపు చెయ్యి ఊపాను, ఆట ఆగింది. గట్టు దాకా నన్ను తిడుతూనే వచ్చాడు, అందులో కొన్ని మాటలు యార్క్‌షైర్‌కే ప్రత్యేకం. "ఇంకా పాయింటే తేడా, పది నిమిషాలు చూసి పంపించండి" అని మా కెప్టెన్ కూడా అడిగాడు. టీవీలో చూసే ప్రొఫెషనల్ మ్యాచ్‌ల వల్ల వచ్చిన చిక్కు ఇది. అక్కడ ఆటగాణ్ణి లోపలికి తీసుకెళ్లి డాక్టర్లు పరీక్ష చేసి తిరిగి పంపడం ఉంటుంది. మా స్థాయిలో అది లేదు. అనుమానం వస్తే బయటికి, ఆ రోజుకి మళ్లీ లోపలికి లేదు. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు.

తర్వాత ఏం చెయ్యాలో కూడా చాలామందికి తెలీదు. మొదటి 24 గంటలు ఒంటరిగా వదలకూడదు. ఆ రాత్రి మద్యం వద్దు, కారు నడపడం వద్దు. మొదటి రెండు రోజులు ఫోన్, టీవీ తగ్గించాలి. తర్వాత నడక, ఆపైన మెల్లగా పరుగు. తలకి దెబ్బ తగిలే అవకాశమున్న ప్రాక్టీస్‌కి దిగాలంటే ముందు 14 రోజుల పాటు, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఏ లక్షణమూ ఉండకూడదు. మ్యాచ్ ఆడాలంటే ఎంత తొందరైనా 21 రోజులు. వాంతులు, ముదురుతున్న తలనొప్పి, మెడనొప్పి, మత్తుగా జోగడం, చూపు రెండుగా కనబడడం లాంటివి ఉంటే ఇదేదీ కాదు, నేరుగా ఆసుపత్రికే.

అపోహ: తలకి మెత్తటి టోపీ పెట్టుకుంటే కంకషన్ రాదు.

వాస్తవం: స్క్రమ్ క్యాప్ చెవులు నలిగిపోకుండా, నెత్తి చీరుకోకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. తల్లిదండ్రులు దీనికి డబ్బు పెట్టి ధైర్యం కొనుక్కుంటారు. పెట్టుకుంటే తప్పు లేదు, కానీ టోపీ ఉంది కదా అని కుర్రాడు తల ముందుకి పెట్టి దూకితే అది లేకపోవడమే నయం. మౌత్‌గార్డ్ పళ్లకోసం, అది మాత్రం తప్పక ఉండాలి.

అపోహ: వాన పడితే ఆట ఉండదు.

వాస్తవం: క్రికెట్ కళ్లతో చూస్తే ఇలాగే అనిపిస్తుంది. వాన ఎవరికీ లెక్కలేదు, నీళ్లు నిలిచి చెరువైతే తప్ప. మ్యాచ్ రద్దయ్యేది మంచుకి. నేల గడ్డకడితే పడ్డప్పుడు సిమెంటు మీద పడ్డట్టే. జనవరిలో శనివారం పొద్దున మా మైదానం చూసుకునే పెద్దాయన చేతిలో ఇంటి తాళంచెవితో నాలుగు మూలలా తిరుగుతాడు. వంగి నేలలో గుచ్చుతాడు. చెవి దిగితే ఆట ఉన్నట్టు. దిగకపోతే తల అడ్డంగా ఊపి, పలకరించకుండా వెళ్లిపోతాడు. ఎండపడని ఒక మూల కోసం మూడు వారాలు వరసగా మ్యాచ్‌లు పోయిన ఏడాది కూడా ఉంది.

అపోహ: క్లబ్‌కి ఆడితే ఎంతో కొంత డబ్బిస్తారు.

వాస్తవం: మనమే ఇవ్వాలి. ఏడాది సభ్యత్వం, దానిపైన మ్యాచ్ ఆడినప్పుడల్లా పది పౌండ్లు మా దగ్గర. అది రెఫరీ ఖర్చుకి, షవర్లలో వేడినీళ్లకి, వచ్చిన జట్టుకి పెట్టే భోజనానికి పోతుంది. ఈ డబ్బు గొడవే ఒకప్పుడు ఆటని రెండు ముక్కలు చేసింది. మాకు దగ్గర్లోనే ఉన్న హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్‌లో, 1895లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం కూలి పోగొట్టుకుని ఆడాలి, ఆ కూలి క్లబ్ ఇవ్వొచ్చా లేదా అన్నదే తగువు. అలా పుట్టిందే 13 మంది ఆడే రగ్బీ లీగ్. మేం ఆడేది 15 మంది యూనియన్. అందులో జీతాలకి అధికారికంగా తలుపు తెరిచింది మళ్లీ 1995లోనే. ఇక్కడ ఎవరైనా "రగ్బీ" అంటే "ఏది?" అని అడగడం మర్యాద.

అపోహ: ఈ ఆటకీ మనకీ సంబంధం లేదు.

వాస్తవం: ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా పోటీపడే కప్పు పేరు కలకత్తా కప్. 1873లో కలకత్తాలో అక్కడి దొరలు పెట్టుకున్న రగ్బీ క్లబ్ కొన్నేళ్లకే పడుకుంది. ఉచిత బార్ ఎత్తేశాక సభ్యులు రావడం మానేశారని చెబుతారు. మా క్లబ్ కోశాధికారికి ఈ కథ భలే ఇష్టం. బ్యాంకులో మిగిలిన సొమ్ముని 270 వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి కప్పు పోయించారు. పిడులు మూడూ పడగ విప్పిన నాగులు, మూత మీద ఏనుగు. 1879 నుంచి దానికోసం ఆడుతున్నారు. ఇప్పటి సంగతికొస్తే, 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు కూడా ఆడింది. అది ఏడేసి మంది ఆడే పొట్టి ఆట. అది చూసి మా బావమరిది "మీ క్లబ్ కూడా అమ్మకానికి ఉందా?" అని మెసేజ్ పెట్టాడు.

అపోహ: రగ్బీ క్లబ్ అంటే తాగుడు.

వాస్తవం: సగం నిజం. నేను పైనాపిల్ జ్యూస్‌తో ఎనిమిదేళ్లుగా నెట్టుకొస్తున్నాను, ఎవరూ ఏమీ అనలేదు.

అపోహ: చిన్నపిల్లల్ని మొదటి రోజే ఒకరి మీద ఒకరిని తోస్తారు.

వాస్తవం: ఇంగ్లండ్‌లో అండర్ 7, అండర్ 8 పిల్లలు ఆడేది ట్యాగ్ రగ్బీ. నడుముకి బెల్టు, దానికి చెరో పక్క ఒక రిబ్బను. అది లాగితే పట్టుకున్నట్టే లెక్క. ట్యాకిల్ నేర్పడం మొదలయ్యేది అండర్ 9 నుంచి, అదీ మెట్లు మెట్లుగా. చిన్న గ్రూపుల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు.

పంపమంటావా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆదివారం పొద్దున వెళ్లి గట్టున నిలబడండి, ఆట చూడొద్దు, కోచ్‌ని చూడండి. పిల్లాడు తల పట్టుకుని ఏడిస్తే ఆయన ఏం చేస్తాడో చూడండి. కూర్చోబెట్టి, అమ్మానాన్నల్ని పిలిచి, మళ్లీ దింపకపోతే అక్కడ వెయ్యండి. "ఏం కాలేదు, లే లే, మగాడివి" అంటే ఇంటికి తెచ్చుకోండి.

ఏప్రిల్‌లో సీజన్ చివరి శనివారం క్లబ్ హాల్లో నలభై మందికి కోడి పలావు వండాను. కెప్టెన్ కుర్చీ మీదికెక్కి సెప్టెంబరు నుంచి ఒక్కో మ్యాచ్ స్కోరూ చదువుతున్నాడు. ఓడిన వాటికే ఎక్కువ చప్పట్లు. నవంబరు దాకా వచ్చేసరికి మా ఆరడుగుల నాలుగంగుళాల లాక్ ప్లేటు పట్టుకుని నా పక్కకి జరిగాడు.

"నన్ను బయటికి తీసుకొచ్చావు చూడు, ఆ మ్యాచ్. గెలిచామా?" అని అడిగాడు.

ఒక పాయింటుతో ఓడామని చెప్పాను. "అప్పుడు నిన్ను బాగా తిట్టానని మావాళ్లు చెప్పారు. నిజమేనా?" అన్నాడు.

నిజమేనన్నాను. కాసేపు ఆలోచించి, పలావు ఇంకా ఉందేమో చూడ్డానికి వెళ్లాడు.