పెద్దాయన ఉండగానే పదవి మారిస్తే అపచారమా? ట్రస్టుల లెక్కలు చూసే ఆడిటర్‌గా నాలుగు మాటలు

"ఏమ్మా, మనిషి ఇంకా బతికుండంగానే పేరు తీసేసేదా?"

తిరుపతిలో ట్రస్టుల లెక్కలు చూడటం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. ఈ ప్రశ్న వినని సంవత్సరం లేదు. భజన మందిరాలు, అన్నదాన ట్రస్టులు, కుల సత్రాలు, రెండు చర్చి కమిటీలు, ఒక దర్గా కమిటీ. నా బల్ల మీద ఉండే ఫైళ్లు ఇవే. ఏ మతం వాళ్లయినా అడిగేది ఇదే మాట. పోయిన వారం ఒక కుటుంబం ఇలాగే అడిగి, నేను చెప్పేది సగం విని, ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లు మళ్లీ వస్తారు. అప్పటికి ఆలస్యం కాకూడదని రాస్తున్నాను.

అపోహ: పెద్దాయన ఉండగా బాధ్యత ఇంకొకరికి ఇవ్వడం అపచారం, అరిష్టం. అన్నీ ఆయన పోయాక చూసుకోవచ్చు.

మనుషులను నిలువునా ముంచుతున్నది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

2013 ఫిబ్రవరి 11న క్యాథలిక్ చర్చి అధిపతి పోప్ 16వ బెనెడిక్ట్, కార్డినళ్లనే చర్చి పెద్దల ముందు లాటిన్‌లో ఒక చిన్న ప్రకటన చదివారు. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు. ఒంట్లో, మనసులో ఓపిక తగ్గింది, ఈ బాధ్యత ఇక మోయలేను అన్నారు. అక్కడితో ఆపకుండా, ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటల నుంచి పీఠం ఖాళీ అని తేదీ, గంటతో సహా చెప్పారు. అంతకుముందు పదవి వదిలిన పోప్ 12వ గ్రెగరీ, 1415లో. అదీ చర్చిలో చీలికను ఆపడానికి. తనంతట తాను దిగిన మనిషి కోసం 1294 దాకా వెళ్లాలి, 5వ సెలెస్టీన్ దగ్గరికి. ఆరు వందల ఏళ్లు ఎవరూ చేయని పని చేసిన మనిషి, ఆ తర్వాత దాదాపు పదేళ్లు బతికి, 2022 డిసెంబర్ 31న 95 ఏళ్ల వయసులో కాలం చేశారు. అరిష్టం అనేవాళ్లకు నేను ముందు ఈ లెక్కే చెబుతాను.

ఆయన ఎందుకు దిగారో తెలియాలంటే అంతకుముందు పోప్‌ను చూడాలి. రెండవ జాన్ పాల్ పార్కిన్సన్స్‌తో ఏళ్ల తరబడి బాధపడి, చివరికి మాట కూడా పెగలని స్థితిలో 2005లో పోయారు. అదంతా దగ్గరుండి చూసినవాళ్లలో బెనెడిక్ట్ ఒకరు. పోప్ మంచాన పడి మాట పోతే పదవి సంగతి ఏమిటో చెప్పే నియమాలు చర్చి చట్టంలో అప్పటికి రాసి లేవు.

మన ట్రస్టులకు కూడా అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అందరూ చావు గురించి ఆలోచిస్తారు. చావుకు ఒక కాగితం ఉంది, డెత్ సర్టిఫికెట్ పెడితే బ్యాంకు ఏదో ఒక దారి చూపిస్తుంది. మనిషి ఉండి, చెయ్యి ఆడని రోజు వస్తే ఏ కాగితం పెట్టాలి?

పాకాల వైపు ఒక పల్లెలో అన్నదాన ట్రస్టు ఉంది. పెద్దాయనకు ఎనభై రెండేళ్లు. పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఉండేవారు, నిద్రలో కూడా. చెక్కు మీద ఆయన ఒక్కరి సంతకమే చెల్లుతుంది. ఇంకొకరిని కలపండని మూడేళ్లు వరసగా చెప్పాను. "నేనుండాను కదమ్మా" అనేవారు, నవ్వుతూ. ఒక ఆగస్టులో పక్షవాతం వచ్చింది. మనిషి ఉన్నారు, కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ట్రస్టు ఆడిట్ రిపోర్టు మామూలుగా సెప్టెంబర్ 30 లోపు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో పెట్టాలి, లేకపోతే పన్ను మినహాయింపుకే ఎసరు. పోర్టల్ ఓటీపీ వచ్చేది ఆయన ఫోన్‌కి. ఆ ఫోన్ తెరుచుకునేది ఆయన వేలిముద్రతో.

నేను వెళ్లేసరికి కోడలు మంచం పక్కన కూర్చుని ఆయన బొటనవేలు పైటకొంగుతో తుడిచి ఫోన్ మీద ఆనిస్తోంది. తెరుచుకోవడం లేదు. మళ్లీ తుడుస్తోంది, మళ్లీ ఆనిస్తోంది. ఏళ్ల తరబడి పొలంలో పనిచేసిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి. ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ కన్నీళ్లు కారుస్తున్నారు. "ఆ చెయ్యి వదిలెయ్ తల్లీ" అని నేనే అన్నాను. ఆ సంతకం, ఓటీపీ సంగతులు సరి చేసుకోవడానికి ఐదు నెలలు పట్టింది. ఆ కార్తీకంలో అక్కడ పొయ్యి వెలగలేదు. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారట.

బతికుండగా పేరు మార్చడం అపచారమా, ఆయన కళ్ల ముందే ఆయన పెట్టిన పొయ్యి ఆరిపోవడం అపచారమా?

"అది క్రైస్తవుల పద్ధతి, మనకు పడదు" అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను ఒకసారి ఉడుపి వైపు చూడమంటాను. అక్కడ కృష్ణుడి పూజ బాధ్యత ఎనిమిది మఠాల మధ్య రెండేళ్లకోసారి చేతులు మారుతుంది. దాన్ని పర్యాయం అంటారు. జనవరి 18న దిగే స్వామీజీ తన చేత్తో అక్షయపాత్ర, గరిటె, తాళంచెవులు వచ్చే స్వామీజీకి అప్పగిస్తారు. వచ్చే మఠం సన్నాహాలు ఏడాది ముందే మొదలవుతాయి. అరటి మొక్కలు నాటడానికి ఒక ముహూర్తం, బియ్యానికి ఒకటి, కట్టెలకు ఒకటి, వడ్లకు ఒకటి. అంటే వచ్చే రెండేళ్లు జనానికి అన్నం ఎలా పెట్టాలో, ఇంకొకరు పీఠం మీద ఉండగానే సిద్ధం చేసుకుంటున్నారు. దాన్ని అక్కడ పండగలా చేసుకుంటారు.

అపోహ: దిగిపోతే ఇక మర్యాద ఉండదు.

ఈ భయం నాకు అర్థమవుతుంది. నలభై ఏళ్లు మొదటి తీర్థం తీసుకున్న మనిషికి వరసలో నిలబడాల్సి వస్తుందేమోనని గుండెల్లో గుబులు. కానీ హోదా వేరు, సంతకం వేరు. 2011లో దలైలామా తన రాజకీయ అధికారాన్ని ప్రవాస టిబెటన్లు ఎన్నుకున్న నాయకుడికి అప్పగించారు. మతగురువుగా మాత్రం అలాగే ఉన్నారు. 17వ శతాబ్దం నుంచి ఒకే పీఠానికి అంటుకుని ఉన్న రెండు బాధ్యతలను ఆయనే విడదీశారు. తగ్గిందల్లా ఫైళ్ల బరువు, భక్తుల నమస్కారాలు తగ్గలేదు. మీ ఊళ్లో కూడా సంకల్పంలో మొదటి పేరు పెద్దాయనదే ఉండనివ్వండి, ఉత్సవానికి మొదటి కొబ్బరికాయ ఆయనే కొట్టనివ్వండి. చెక్కుబుక్కు, ఓటీపీ, తాళంచెవి మాత్రం చేతులు మారాలి. తీర్మానం రాసేటప్పుడు ఈ మర్యాదలు కూడా అందులో రాయించండి. నేను రాయిస్తాను. అది చదివి వినిపించగానే సగం మంది పెద్దవాళ్లు టెన్షన్ తగ్గి సంతకం పెట్టేస్తారు.

అలాగని సగం సగం దిగడం కూడా పనికిరాదు. బెనెడిక్ట్ వాటికన్ గోడల లోపలే ఉన్నారు, పోప్‌లు వేసే తెల్ల అంగీ వదల్లేదు. 2020లో ఒక పుస్తకం మీద సహరచయితగా ఆయన పేరు వచ్చేసరికి పెద్ద గొడవైంది, చివరికి పేరు తీసేయమని ఆయనే చెప్పాల్సి వచ్చింది. అంత జాగ్రత్తగా ఉన్న మనిషికే ఇద్దరు పోప్‌లు ఉన్నారన్న మాట తప్పలేదు. మన దగ్గర తాళంచెవి కొత్తాయనకు ఇచ్చి డూప్లికేట్ తన దగ్గర ఉంచుకునేవాళ్లకు ఇది చెబుతుంటాను.

అపోహ: దిగాడంటే తప్పు చేశాడనే, లేదా ఎవరో తొక్కేశారనే.

టీ బంకుల దగ్గర పుట్టే మాట ఇది, నాకు ఓపిక లేనిది కూడా ఇదే. బెనెడిక్ట్ మీద కూడా పుట్టింది. చర్చి చట్టం అడిగేది రెండే: రాజీనామా స్వేచ్ఛగా చేయాలి, స్పష్టంగా తెలియజేయాలి. ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. తన రాజీనామా చెల్లుబాటులో సందేహమే లేదని 2014లో ఆయన ఉత్తరం రాయాల్సి వచ్చింది. తప్పుకు బాధ్యత తీసుకుని దిగడం వేరే సంగతి. 2024 నవంబర్‌లో అప్పటి ఇంగ్లండ్ చర్చి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ, పాత లైంగిక వేధింపుల కేసు మీద విచారణ నివేదిక వచ్చాక రాజీనామా ప్రకటించారు. ఊరు ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకుండా ఉండాలంటే మార్గం ఒక్కటే. మీ మీద వేలు చూపించే రోజు కోసం ఆగకండి. ఆ ఏడాది లెక్కలు ఆడిట్ చేయించి, సభ్యుల ముందు చదివి, ఆ రోజే దిగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "వంశపారంపర్యం, మా వాడికే వస్తుంది" అనేది దేవాదాయ చట్టం కిందికి వచ్చే గుళ్లలో నమ్ముకోవద్దు. 1987 నాటి చట్టం మిరాశీలను, అంటే గుడి పనుల మీద తరతరాల హక్కులను, రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొంత ఊరట దొరికింది, అంతే. కుటుంబ ట్రస్టయితే డీడ్‌లో, అంటే ట్రస్టు పెట్టినప్పుడు రాసుకున్న పత్రంలో, ఏం రాసి ఉందో అదే. "రాజీనామా కాగితం బీరువాలో ఉంది" అంటే చాలదు. పోప్ ఫ్రాన్సిస్ కూడా ఆరోగ్యం చెడి పనిచేయలేని స్థితి వస్తే వాడమని రాజీనామా ఉత్తరం ముందే సంతకం చేసి ఇచ్చానని 2022లో చెప్పారు. ఆలోచన చాలా మంచిది. కానీ మీ బ్యాంకు తీర్మానం అడుగుతుంది. కాబట్టి డీడ్‌లోనే ఒక క్లాజు పెట్టించుకోండి, మేనేజింగ్ ట్రస్టీ మంచాన పడితే ఎవరు చూడాలో. ఇద్దరి సంతకాల పద్ధతి పెట్టండి. పోర్టల్‌లో రెండో కాంటాక్ట్‌గా ఇంకొకరి నంబరు ఈ వారమే ఎక్కించండి.

మా నాన్న చంద్రగిరి దగ్గర మా ఊరి రామాలయానికి ఇరవై ఆరేళ్లు ధర్మకర్త. ఆయనకు చెప్పడానికి నాకే రెండేళ్లు నోరు రాలేదు. ఒక ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయ్యాక ఆయనే లేచి, పసుపు మరకల లెక్కల పుస్తకం, తాళంచెవుల గుత్తి పళ్లెంలో పెట్టి కొత్తాయనకు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు గుత్తి గలగలమంది, చెయ్యి వణికి.

మర్నాడు తెల్లారి ఐదుకే అలవాటుగా లేచి గుడి దగ్గరికి వెళ్లారు. తాళంచెవి తన దగ్గర లేదని అక్కడికి వెళ్లాక గుర్తొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆరుకి కొత్తాయన వచ్చి, ఆయన్ని చూసి నొచ్చుకుని, తాళంచెవి ఆయన చేతిలో పెట్టబోయాడు. మా నాన్న తీసుకోలేదు. "నువ్వే తియ్యి నాయనా" అన్నారు. తలుపు తీశాక కొత్తాయన పక్కకు జరిగాడు. నాన్న ముందు లోపలికి వెళ్లి గంట కొట్టారు.