ఒరకు ఫెవికాల్ ఎందుకు వద్దన్నానంటే

చిరంజీవులు చిట్టికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

ఆయుధపూజకని అటక మీంచి ముత్తాతగారి బాకు దింపితే దాని చెక్క ఒర విచ్చుకుపోయి ఉందట. ఫెవికాల్ రాసి అతికించెయ్యమంటావా తాతయ్యా అని చిట్టి ఫోన్లో అడిగింది. వద్దని గట్టిగా అన్నాను. ఎందుకో చెప్పేలోగా కంట్లో చుక్కలు వెయ్యడానికి నర్సమ్మ వచ్చేసింది. అందుకే ఈ ఉత్తరం.

మినపకాయ చూశారుగా? రెండు డొప్పలు, మధ్యలో గింజలు. ఒర కూడా అంతే. రెండు చెక్కల లోపలివైపు బాకు పట్టేంత గాడి తొలిచి, ఎదురెదురుగా పెట్టి జిగురుతో అతికిస్తారు. పైన తోలో, మఖమలు గుడ్డో తొడుగుతారు. మనదానికి ఎర్ర మఖమలు. ఇప్పుడు మడతల్లో మాత్రమే ఆ ఎరుపు మిగిలింది.

నా చిన్నప్పుడు కళ్లంలో మినప మండలు ఆరబోస్తే మధ్యాహ్నపు ఎండకు కాయలు టప్ టప్‌మని పేలేవి. నేనూ మా తమ్ముడూ ఎగిరిపడ్డ గింజలు ఏరేవాళ్లం. జేబు నింపుకొస్తే మా అమ్మ గారె ఒకటి ఎక్కువ పెట్టేది. ఎన్ని కాయలు పేలినా డొప్ప మధ్యలో చీలింది ఒక్కటీ కనపడలేదు. అన్నీ అతుకు దగ్గరే.

ఒర చేసేవాళ్లకు కావలసిందీ అదే. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అదీ పొడవునా కాదు, చారలకు అడ్డంగా. మన వీధి తలుపు శ్రావణంలో బిగుసుకుని చైత్రంలో వదులయ్యేది అందుకే. కాబట్టి ఒర ఎప్పుడో ఒకప్పుడు విచ్చుకుంటుంది. అతుకు దగ్గరైతే మళ్లీ అతకొచ్చు. అతుకు చెక్కకన్నా గట్టిదైతే చెక్కే చీలుతుంది. ఫెవికాల్ అతుకు అంత గట్టిది.

జపాన్‌లో కత్తుల ఒరలను హోనోకి అనే చెక్కతో చేసి అన్నంతో అతికిస్తారు. నిజంగా అన్నమేనర్రా! ఉడికిన మెతుకుల్ని పలక మీద వెదురు బద్దతో జిగురయ్యేదాకా నూరుతారు. దాన్ని సోకుయి అంటారు. కత్తికి తుప్పు పడితే అతుకు విప్పి, లోపలంతా శుభ్రం చేసి, మళ్లీ అన్నంతోనే మూసేస్తారు. మనం గాలిపటానికి మెతుకు రాయమూ, అలాగే. తినే అన్నంతో కత్తికి ఇల్లు కట్టడం తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మన ఒరకు ఒక చీలిక మాత్రం నా తప్పే. 1986 ఆగస్టులో గోదావరి వరద ఇంట్లోకి వచ్చి పెట్టెలో ఉన్న ఒర నానిపోయింది. కంగారులో మర్నాడే అరుగు మీద ఎండలో పెట్టాను. పైన గబగబా ఆరింది, లోపల తడి అలాగే ఉంది. సాయంత్రానికి అతుకు దగ్గర కాకుండా చెక్క మధ్యలోనే జానెడు చీలింది. నీడలో, గుడ్డ కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాల్సింది. పాత వస్తువు దగ్గర తొందర పనికిరాదర్రా.

మీరు బాకు ముట్టుకోకండి. నాన్ననే పొడి నూలుగుడ్డలో చుట్టి విడిగా పెట్టమనండి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపల్నుంచే ఒరను తోసేస్తుంది. తర్వాత ఒరను పక్కకు తిప్పి టార్చి వేసి చూడండి. అంచు వెంట తిన్నగా గీసినట్టుంటే అది అతుకు. చెక్క చారల వెంట వంకరగా పోతుంటే చీలిక. మెత్తటి పిండి రాలుతుంటే పుచ్చుపురుగు, వెంటనే ఫోన్ చెయ్యండి. మఖమలు మాత్రం లాగొద్దు.

అట్లతద్దికి నేనొస్తాను. అన్నం నూరి, పల్చగా రాసి, దారం చుట్టి అతికిద్దాం. పక్కలకు వచ్చిన జిగురు తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మన తేమకు బూజు పడుతుంది. నా చీలికకు కొండపల్లి బొమ్మలవాళ్ల మక్కు పెడదాం. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలుపుతారు.

ఈలోగా పెరట్లో శంఖుపుష్పం తీగకు ఎండిన కాయ ఒకటి వెతకండి. అరచేతిలో పెట్టుకుని ఎండలో కదలకుండా కూర్చోండి. ముందు ఎక్కడ విచ్చుకుంటుందో, తర్వాత ఆ రెండు డొప్పలూ ఎటు మెలితిరుగుతాయో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య